మీ విలేకరి చివరిదాకా కూర్చోవాల్సింది

సంపాదకులకు నమస్కారం.

కనుమ మర్నాడు మీ జిల్లా పేజీలో మా ఊరి నాటిక గురించి వార్త వచ్చి పది రోజులైంది. పోనీలే అని ఊరుకున్నాను. నిన్న పాలకేంద్రం దగ్గర కూడా మీ పేపరు మడతపెట్టి చూపిస్తూ అదే గోల. ఇక రాయక తప్పలేదు.

సంక్రాంతి సెలవులకు ఇళ్లకొచ్చిన టెన్త్, ఇంటర్ పిల్లలు వాళ్లంతట వాళ్లే రిహార్సల్స్ చేసుకుని రుక్మిణీ కల్యాణాన్ని ఈ కాలం కథగా వేశారు. అది ‘సంస్కృతికి మచ్చ’ అట, ఆడపిల్లలకు లేచిపోవడం నేర్పుతోందట, పెద్దలు ఖండించారట. ఆ పెద్దలెవరో మా ఊళ్లో అందరికీ తెలుసు. భోగి మొదలు కనుమ దాకా కోడిపందేల బరి దగ్గర ఫ్లడ్‌లైట్ల కింద తెల్లవార్లూ సంస్కృతిని కాపాడినవారే. రికార్డింగ్ డాన్సులో ముందు వరస కుర్చీలూ వారివే. అక్కడ అంటని మచ్చ పిల్లల నాటికలో సెల్‌ఫోన్ కనబడగానే అంటుకుంది.

మీ విలేకరి వెళ్లిపోయింది సరిగ్గా అన్న రుక్మి రుక్మిణి చేతిలో ఫోన్ లాక్కునే సీను దగ్గర. నా కుర్చీ పక్కనుంచే వెళ్లాడు, కాలు కూడా తొక్కాడు. ఆ తర్వాతే కదా అసలు కథ! శిశుపాలుడిది అమెరికా సంబంధం. ఫోన్ పోయిన పిల్ల నోటుబుక్కులో కాగితం చింపి ఉత్తరం రాసి, బిర్యానీ తెచ్చిన డెలివరీ కుర్రాడి చేతిలో పెడుతుంది. వాడే అగ్నిద్యోతనుడు, అసలు కథలో రుక్మిణి కబురు కృష్ణుడికి మోసిన బ్రాహ్మణుడు. జనం ఈలలు వేశారు. చివరికి కృష్ణుడు బుల్లెట్ మీద వస్తే రుక్మిణి బండెక్కదు. ‘ముందు లోపలికొచ్చి నాన్నతో మాట్లాడు, నా డిగ్రీ అయ్యేదాకా ఈ ఇంట్లో ఎవరూ పెళ్లి మాటెత్తకూడదు’ అంటుంది. ఇదండీ మీరు రాసిన లేచిపోవడం.

మరి పోతన భాగవతంలో రుక్మిణి ఏం చేసింది? అంతఃపురంలోంచి తీసుకెళ్లాలంటే బంధువులను చంపాల్సి వస్తుందని నువ్వు సందేహిస్తావేమో, ‘ఉపాయంబు చెప్పెద’ అని తనే కృష్ణుడికి ప్లాను వేసి పంపింది. పెళ్లికి ముందు ఇలవేల్పుకు మొక్కడానికి ఊరి బయటికొస్తాను, అక్కడికి రమ్మంది. ఏ రోజో, ఏ చోటో అన్నీ తనే చెప్పింది. ఆ కథనే కదా, త్వరగా పెళ్లి కుదురుతుందని మన ఇళ్లలో తల్లులు ఆడపిల్లల చేత పారాయణ చేయిస్తారు! ఖండించిన పెద్దలు ముందు వాళ్ల ఇంట్లో ఆ పారాయణ మాన్పించాలి.

‘మూలకథను మార్చే హక్కు ఎవరిచ్చారు’ అని ఒకాయన అడిగినట్టు బాక్సు కట్టి మరీ వేశారు. కాళిదాసుకు ఎవరిచ్చారు? భారతంలో శకుంతలకు ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. మనకు గంట ప్రయాణంలో ఉన్న రాజమహేంద్రవరంలోనే కూర్చుని నన్నయ్య రాసిన శకుంతల నిండు సభలో దుష్యంతుణ్ణి కడిగేస్తుంది. ఉంగరం కాళిదాసు పెట్టింది. ఇవాళ ఉంగరం లేని శకుంతలను వేస్తే, మూలం మార్చారని ఈయనే పోలీసుస్టేషన్‌కి వెళ్తాడు.

నిరుడు ఒక కాన్వెంటులో రోమియో జూలియట్ వేస్తే మీరే రంగుల ఫోటో వేశారు. ఆ నాటకంలో జూలియట్‌కు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకుంటుంది, చివరికి ఇద్దరూ చచ్చిపోతారు. ఇంగ్లీషులో చస్తే అది కల్చరల్ ఫెస్ట్ కాబోలు!

పిల్లల మీద నాకూ కోపముంది, దాని కారణం వేరు. ఉత్తరం పంపాక రుక్మిణి ఎదురుచూసే ఘట్టంలో సినిమా పాట పెట్టారు. ‘ఘనుడా భూసురుడేగెనో, నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో, విని కృష్ణుండది తప్పుగా దలచెనో’ అన్న పోతన పద్యం ఎవరి కోసం ఉంది? డెలివరీ కుర్రాడు రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో చిక్కాడో, అవతలివాడు ఉత్తరం చదివి తప్పుగా అనుకున్నాడో అని గోళ్లు కొరుక్కునే పిల్లకు ఇంతకంటే మంచి డైలాగు ఎవడు రాస్తాడు? 1996లో అమెరికావాళ్లు రోమియో జూలియట్‌ను సినిమా తీసి కత్తుల బదులు తుపాకులు పెట్టారు, మాటలు మాత్రం షేక్‌స్పియర్‌వే ఉంచారు. మనవాళ్లు ఫోన్ పెట్టి పద్యం తీసేశారు.

ఎందుకు తీసేశారని అడిగితే, ‘ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ’ అన్నారు. ఏం చెప్పను? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఏటా కడుతూనే ఉన్నాం. మా ఊరి లైబ్రరీకి తాళం, వరండాలో ఎండబెట్టిన కొబ్బరి చిప్పలు. భాగవతం ఉండాల్సిన బీరువా తాళంచెవి బదిలీ అయిపోయిన ఉద్యోగి దగ్గరుందట. మూడుసార్లు అర్జీ పెట్టాను, రసీదులున్నాయి. ఈ సంగతి మీ విలేకరికి రెండేళ్ల కిందటే చెప్పాను, రాసుకున్నాడు కూడా. ఇంతవరకూ వార్త రాలేదు.

– ఒక విశ్రాంత తెలుగు పండితుడు, కోనసీమ

(పేరు వేయకండి. ఆ డెలివరీ కుర్రాడి వేషం మా మనవడిదే. సినిమా పాట సంగతి ఎత్తినందుకు ఇప్పటికే నాతో మాట్లాడటం లేదు.)