తాళంచెవి ఉన్న అధికారి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మీ హోదా రాయకుండానే మొదలుపెడుతున్నందుకు క్షమించండి. మేం బెంగళూరులో రోజూ పొద్దున్నే పరిగెత్తే క్లబ్బువాళ్ళం. ఏడాదిగా తిరుగుతున్నా మా దగ్గరి మైదానం ఎవరి కిందికి వస్తుందో మాకు ఒక్కరూ తేల్చి చెప్పలేదు. గోడ కట్టినవాళ్ళు గోడ వరకే మాది అంటారు. చెట్లు నాటినవాళ్ళు చెట్ల వరకే అంటారు. అందుకని గేటు తాళంచెవి ఎవరి మాట మీద కదులుతుందో వారికే రాస్తున్నాను. పోయిన ఉగాదికి మా సభలో పచ్చడి తిని, మైకు పట్టుకుని, "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పొద్దున 5 గంటలకల్లా గేటు తీయిస్తా" అన్నది మీరే కాబట్టి, ఆ మనిషి మీరేనని మా నమ్మకం. వీడియో ఉంది. కావాలంటే పంపిస్తాను, అందులో మీరు చాలా బాగా వచ్చారు.

ఇప్పటిదాకా కన్నడలో రెండు అర్జీలు, ఇంగ్లీషులో మూడు ఇచ్చాం. కన్నడవి మా క్లబ్బులోని మండ్య కుర్రాడు రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంగ్లీషువి నేను రాశాను, వాటి గురించి గొప్పగా చెప్పుకోను. మీది కోలారు వైపని, ఇంట్లో తెలుగే మాట్లాడతామని ఆ రోజు మీరే అన్నారు. అందుకే ఈ ఆరోది తెలుగులో, నలుగురూ చదివేలా.

ముందు మా పద్దు చెప్పుకోనివ్వండి. "మీరు సాధించి చూపించండి, సౌకర్యాలు వాటంతట అవే వస్తాయి" అన్నారు కదా. సాధించినంత వరకు చూపిస్తున్నాను.

2025 ఏప్రిల్ 27న మన బెంగళూరు వరల్డ్ టెన్‌కేలో, అంటే పది కిలోమీటర్ల పరుగులో, మావాళ్ళు 19 మంది పరిగెత్తారు. అందరూ పూర్తి చేశారు. ఆ రోజు గెలిచింది ఉగాండా జాషువా చెప్తెగెయ్. పారిస్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల బంగారం ఆయనదే, 26 నిమిషాల 11 సెకన్ల ప్రపంచ రికార్డూ ఆయనదే. ఇక్కడ 27 నిమిషాల 53 సెకన్లు తీసుకున్నాడు. మా కడప తమ్ముడు క్యాబ్ నడుపుతాడు. ఎయిర్‌పోర్టు ట్రిప్పు దించేసి, బండి పక్కన పెట్టి, వెనక సీట్లోంచి బూట్లు తీసి వేసుకునే రకం. వాడు 39 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. "అన్నా, ఆయనతో పాటే బయల్దేరి ఉంటే, ఆయన అయిపోయేసరికి నేను ఏడో కిలోమీటరు దగ్గర ఉండేవాణ్ణి" అని లెక్క కట్టి నవ్వాడు. ఉగాది సభలో మీరు భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగింది వీడితోనే. వాట్సాప్ డీపీగా అదే పెట్టుకున్నాడు, ఇంకా మార్చలేదు.

ఆగస్టులో ఆరుగురు హైదరాబాద్ మారథాన్‌కి వెళ్ళారు. ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాడికి తప్ప ఆ బాధ తెలీదు. అనంతపురం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న లెక్కల మాస్టారు, 61 ఏళ్ళాయన, హాఫ్ మారథాన్ 2 గంటల 28 నిమిషాల్లో చేశారు. 21 కిలోమీటర్లూ ఆగకుండా, పక్కన పరిగెత్తేవాళ్ళ పేస్ తప్పని చెప్పుకుంటూ. సెప్టెంబరులో ఇద్దరు లద్దాఖ్ మారథాన్‌కి వెళ్ళారు. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తు కదా, గాలికి అలవాటు పడాలని వారం ముందే లేహ్‌లో దిగి, ఏడాది సెలవులన్నీ అక్కడే ఖర్చు పెట్టుకొచ్చారు. జనవరిలో ముంబయిలో మా నెల్లూరు అక్క మొదటి ఫుల్ మారథాన్ పూర్తి చేసింది. 42 కిలోమీటర్ల 195 మీటర్లు, 4 గంటల 41 నిమిషాలు. పెడర్ రోడ్డు ఎత్తు ఎక్కేటప్పుడు ఏడ్చానని తనే చెప్పింది. ఇంట్లో మాత్రం చెప్పొద్దంది.

ఇవన్నీ ఒక ఎత్తు. జట్టుగా మాకు వచ్చిన కప్పు ఒక ఎత్తు. హోసూరు దాటాక ఒక ఊళ్ళో రాత్రంతా జరిగే రిలేకి ఆరుగురం వెళ్ళాం. 400 మీటర్ల సింథటిక్ ట్రాకు, నాలుగు మూలలా లైట్లు. ఒకరి తర్వాత ఒకరు 12 గంటలు పరిగెత్తాలి. రెండో స్థానం వచ్చింది. అది కాదు నేను చెప్పాలనుకున్నది. మొదటి గంటలో మా జట్టుకి హెచ్చరిక పడింది. ఎందుకంటే, వెనక నుంచి స్పీడుగా వచ్చేవాళ్ళకి లోపలి లైను వదలాలన్న సంగతి మాలో ముగ్గురికి తెలీదు. ఇద్దరు అసలు ట్రాకు మీద కాలు పెట్టడమే అదే మొదటిసారి. అంపైరు, పాపం పెద్దాయన, తమిళంలో "మీ ఊళ్ళో గ్రౌండు లేదా?" అని అడిగాడు. ఉంది సార్ అన్నాం. మరి? అన్నాడు. తాళం వేసి ఉంది సార్ అని చెప్పడానికి సిగ్గేసి, మాస్టారు బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయారు.

ఆ తాళం దగ్గరికి వద్దాం.

మా మైదానంలో 400 మీటర్ల మట్టి ట్రాకు ఉంది. మట్టిదే, కానీ మంచిది. మోకాళ్ళకి సిమెంటు రోడ్డు కన్నా వెయ్యి రెట్లు నయం. పొద్దున 5 నుంచి 7 దాకా పరిగెత్తేవాళ్ళకి అది బంగారం. మీ గేటు తెరుచుకునేది ఏడున్నరకి. అప్పటికి క్యాబ్ తమ్ముడు డ్యూటీలో ఉంటాడు, అక్క పిల్లల టిఫిన్ బాక్సులు సర్దుతూ ఉంటుంది, మేం లాగిన్ అయిపోయి ఉంటాం. ఏడున్నరకి లోపలికి వెళ్ళేది ఎవరయ్యా అంటే, రెండు కుక్కలు. అవి ఎప్పుడూ లోపలే ఉంటాయి కాబట్టి వాటికి గేటుతో పని లేదనుకోండి.

ఆ తాళాన్ని మేం ఏడాదిగా రోజూ చూస్తున్నాం కాబట్టి కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలం. ఇత్తడి తాళం, అరచెయ్యంత. జూన్‌లో వానలు మొదలవగానే దానికి పాల ప్యాకెట్ కవరు తొడిగి, పైన రబ్బరు బ్యాండు వేశారు. లోపల ట్రాకు మొదటి లైనులో మోకాలి లోతు నీళ్ళు నిలిచి, మురుగు కాలువ పూడిక తీసేవాడు లేక, ఆగస్టు దాకా కప్పలు అరిచాయి. ట్రాకుకి లేని రెయిన్‌కోటు తాళానికి ఉంది. మా గ్రూపులో ఆ ఫొటోకి పడినన్ని నవ్వులు ఇంక దేనికీ పడలేదు.

గేటు దగ్గరుండే సెక్యూరిటీ అన్న మీద మాకు కోపం లేదు. చెవి ఆయన దగ్గర ఉండదు. ఏడున్నరకి ఎవరో బండి మీద తెచ్చిస్తారు. అడిగితే "నాళె బన్ని", అంటే రేపు రండి, అంటాడు, ఆయనకు చెప్పమన్న మాట అదే. ఈ బెంగళూరులో ఒకప్పుడు ఇళ్ళ తలుపుల మీద 'నాళె బా' అని రాసేవారట, రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడితే అది చదువుకుని వెనక్కి పోవాలని. మా ఊళ్ళలో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన గోడలు నేనూ చూశాను. దయ్యానికి రోజూ అదే సమాధానం, అది రోజూ నమ్మి వెళ్ళిపోతుంది. మేమూ అంతే. మేం వచ్చేది కూడా తెల్లారకముందే కదా, మీవాళ్ళు పొరబడ్డారేమో.

మూడో అర్జీ తర్వాత ఎవరో సలహా ఇస్తే యాప్‌లో ఫిర్యాదు పెట్టాం. పదకొండు రోజులకి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎంత సంబరపడ్డామో! తెరిచి చూస్తే సాక్ష్యంగా ఒక ఫొటో. గేటుకి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. మధ్యలో తాళం మెరుస్తోంది. ఎంత బాగా చేశారో అయిదు స్టార్లలో చెప్పమని కింద అడిగారు కూడా.

మీ ఆఫీసులో ఒకాయన మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. "కంఠీరవ స్టేడియానికి వెళ్ళొచ్చుగా, ఇంటర్నేషనల్ ట్రాకు" అన్నాడు. వెళ్ళాం సార్, జూలైలో నీరజ్ చోప్రా ఈటె విసురుతుంటే చూడ్డానికి టికెట్టు కొనుక్కుని మరీ వెళ్ళాం. 86 మీటర్ల 18 సెంటీమీటర్లు విసిరి గెలిచాడు, గొంతు పోయేలా అరిచాం. కానీ రోజూ పొద్దున అక్కడిదాకా పోయి, పరిగెత్తి, తిరిగి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆఫీసుకి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది. ఆదివారాలు కబ్బన్ పార్కుకి పోతూనే ఉన్నాం. మిగతా ఆరు రోజుల సంగతే మా గోల. ఇంకో ఆయన ట్రెడ్‌మిల్ కొనుక్కోమన్నాడు. ఆయన గురించి ఏమీ రాయను.

గేటు తీయకపోతే మేం ఎక్కడ పరిగెత్తుతున్నామో మీకు తెలుసు కాబట్టి వివరించను. సర్వీసు రోడ్డు. ఎదురొచ్చే నీళ్ళ ట్యాంకర్లు, ఫుట్‌పాత్ ఎక్కే స్కూటర్లు, చీకటి. ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. మా క్లబ్బులో అందరం పిన్నిగారు అని పిలిచే 54 ఏళ్ళావిడ ఉంది. షుగరు తగ్గించుకోడానికి నడకతో మొదలుపెట్టి రెండేళ్ళలో హాఫ్ మారథాన్ దాకా వచ్చింది. నవంబరులో ఒక పొద్దున 5 గంటల 20 నిమిషాలకి, మీ గేటుకి సరిగ్గా ఎదురుగా, డ్రైనేజీ మీద పలక ఉండాల్సిన చోట పలక లేదు. పడిపోయింది. మడమ దగ్గర లిగమెంటు తెగింది, ఆరు వారాలు కట్టు. పడినప్పుడు ఆవిడ మొదట అడిగింది "ముంబయికి కోలుకుంటానా?" అని. కోలుకోలేదు. ఆ రేసు కన్ఫర్మేషన్ ప్రింటు తీసి దేవుడి పటం పక్కన పెట్టుకుంది, ఇంకా అక్కడే ఉంది. పలక మాత్రం మర్నాడే వేశారు. ఎంత త్వరగా వేశారో చూసి మాకు ఇంకా ఏడుపొచ్చింది. అంటే వేయగలరన్నమాట.

ఉగాది రోజు మీ ఉపన్యాసంలో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పేరు చెప్పి మాచేత చప్పట్లు కొట్టించారు. "అలాంటివాళ్ళు మన వీధుల్లోంచి రావాలి" అన్నారు. ఆ తర్వాత రెండు నెలలకే ఆమె దక్షిణ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో ముగించి రెండోసారి ఆసియా ఛాంపియన్ అయింది. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడని పేపర్లలో చదివాం. మన గేటు దగ్గర అన్నకీ ఒక కూతురుంది, ఎనిమిదో తరగతి. సెలవుల్లో నాన్నతో వచ్చి మా వెనకే రెండు దీపస్తంభాల దూరం పరిగెత్తి ఆగిపోతుంది. మీరు చెప్పిన వీధి ఇదే. మీరు చెప్పిన పిల్ల కాదని ఎవరు చెప్పగలరు?

ఇక అడగాల్సింది అడుగుతాను. 5 గంటలకి గేటు తీయించండి. కుదరదంటే 5 గంటల 30 నిమిషాలకి. అదీ కుదరదంటే మంగళ, గురువారాలు రెండు రోజులైనా. ఇంటర్వెల్స్, అంటే కొంత దూరం వేగంగా, కొంత నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం, ఆ రెండు రోజులే పెట్టుకుంటాం, కొలిచిన 400 మీటర్లు లేకుండా అవి చేయలేం. రెండు లైట్లు అడగాలనుకున్నాం గానీ అది అత్యాశ అని మాస్టారు కొట్టేశారు. తలకి టార్చీలు పెట్టుకుంటాం. ఏదీ కుదరదంటే తాళంచెవి మాకే ఇవ్వండి. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుని ఏడింటికల్లా తెచ్చి ఇస్తాం. ఆధార్ జిరాక్సులు కావాలన్నా 34 మందివీ తయారుగా ఉన్నాయి, నాలుగో అర్జీకి జత చేశాం కూడా. అవి ఎక్కడున్నాయో దయచేసి వెతికించండి, కనీసం అవైనా భద్రంగా ఉండాలి.

2026 మార్చి 19న మళ్ళీ ఉగాది. మా సభ ఎప్పటిలాగే ఉంటుంది, మీకు ముందు వరుసలో కుర్చీ ఉంటుంది, పచ్చడి నెల్లూరు అక్క చేస్తుంది. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. పేరు మేం పెట్టింది కాదు, పంచాంగంలో ఉన్నదే. ఈసారి మైకు మాత్రం మీకు ఇవ్వదలుచుకోలేదు, తప్పుగా అనుకోవద్దు. ఊరికే వచ్చి, తిని, వెళ్ళేటప్పుడు జేబులోంచి చెవి తీసి బల్ల మీద పెట్టి వెళ్తే చాలు.

ఇట్లు,
రోజూ పొద్దున 5 గంటలకి మీ గేటు బయట వార్మప్ చేసే 34 మంది తరఫున,
వాళ్ళలో ఒకడు

తా.క.: తాళానికి తొడిగిన కవరు చిరిగిపోయింది. వేసవి వానలు మొదలయ్యేలోపు మార్పించండి. తుప్పు పట్టిందంటే రేపు తెరవాలనుకున్నా తెరుచుకోదు.