వల దగ్గర కాదు, కాంటా దగ్గర ఆపండి

సంపాదకులు గారికి నమస్కారం.

కృష్ణా బ్యాక్‌వాటర్‌లో, సన్న కన్నుతో చేపపిల్లల్ని కూడా ఊడ్చుకొచ్చే అలివి వలలు పట్టుకుని, ఒడ్డున కుప్ప పోసి తగలబెట్టిన ఫొటోలు మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు వస్తుంటాయి. కింద రాసేదీ ఇంచుమించు ఒకటే: ఇన్ని వలలు స్వాధీనం చేసుకున్నారు, మళ్లీ దొరికితే కేసులు పెడతారు. నెల తిరక్కుండానే అదే ఒడ్డున కొత్త వల దిగుతుంది. నేను చేపలు కొని, పొగబెట్టి అమ్ముకునేదాన్ని. కొనేవాళ్లలో ఒకదాన్ని కాబట్టి నాకు కనిపించేది చెబుదామని రాస్తున్నాను.

మాది కొల్లాపూర్ మండలంలో నది ఒడ్డు ఊరు. మా అత్తగారివాళ్ల పాత ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. డ్యాం నిండి నీళ్లు 885 అడుగులకి వచ్చాయంటే మా మామ దున్నిన చేలు ఎటువైపు ఉండేవో చూపించడానికి ఆనవాలు కూడా మిగలదు. భూములు పోయినవాళ్లలో కొందరు వలస పోయారు. కొందరు 98 జీవో కింద ఉద్యోగం వస్తుందని ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ ముసలివాళ్లయ్యారు. మా మామ పుట్టి, అంటే గుండ్రటి చిన్న పడవ, కొనుక్కుని చేపల వేటకి దిగాడు. ఇప్పుడు ఆ వేట మా ఆయన చేస్తాడు. నాది ఇంటి వెనక పొగ కొట్టం. రేకుల కప్పు, ఇటుకల పొయ్యి, ఒక డీప్ ఫ్రీజర్, పనికి నాతో కలిపి ముగ్గురు ఆడవాళ్లు, అంతే.

పొగబెట్టిన చేప అనగానే మనవాళ్లు ఎండు చేపో, నిప్పుల మీద కాల్చిన చేపో అనుకుంటారు. రెండూ కాదు. ఆఫ్రికాలో ఘనా దేశంలో చోర్కోర్ అనే జాలర్ల ఊరుంది, దాని పేరుతోనే ఒక పొయ్యి ప్రసిద్ధి. నడుము ఎత్తున గోడ, కింద కట్టెలు పెట్టడానికి రెండు నోళ్లు, పైన చెక్క చట్రాలకి జాలీ బిగించి ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. ఆ చట్రాలే పొగ గొట్టం పని చేస్తాయి. ఫోన్లో వీడియో చూసి మా ఊరి మేస్త్రీతో అలాంటిదే కట్టించాను. పొద్దున పుట్టి ఒడ్డుకి రాగానే చేప పొట్ట చీల్చి, మొప్పలు తీసి, వెన్నుముల్లు వెంబడి ఉండే నల్ల నెత్తురు గీరి కడుగుతాం. పది లీటర్ల నీళ్లకి రెండు కిలోల గళ్ళుప్పు వేసి అందులో ముప్పావు గంట నానబెడతాం. తర్వాత నీడలో గాలికి ఆరబెట్టాలి. చర్మం మీద వేలు పెడితే బంకబంకగా తగలాలి, తడి మాత్రం అంటకూడదు. ఆ పొర కట్టకుండా పొయ్యి ఎక్కిస్తే పొగ పట్టదు, చేప మగ్గుతుంది, అంతే. మొదట సన్న సెగ, తర్వాత వేడి పెంచుతాం. కండ లోపల 63 డిగ్రీలు దాటి అరగంటైనా ఉండాలి. దానికి థర్మామీటర్ తప్ప వేరే దారి లేదు, కంటికి ఎర్రగా కనిపించిందల్లా ఉడికినట్టు కాదు. కొవ్వు నిప్పుల మీద కారి మంట లేచిందంటే ఆ మసి చేపకి పడుతుంది. చేదు సంగతి పక్కన పెట్టినా, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఆ మసిలో ఉంటాయి. అందుకే పొయ్యి దగ్గర మనిషి కదలకూడదు.

కట్టెల విషయంలో మా ప్రాంతానికి దేవుడిచ్చిన వరం మామిడి. కొల్లాపూర్ తోటల్లో కాయ కోతలయ్యాక రైతులు కొమ్మలు కొట్టేస్తారు, అవి కొని ఎండబెట్టుకుంటాం. తుమ్మ కూడా వాడతాం. వేప పనికిరాదు, చేదు దిగుతుంది. టింబర్ డిపో రంపపు పొట్టు ఊరికే ఇస్తామన్నా తేను, అందులో ప్లైవుడ్ జిగురు, రంగు కలిసి ఉంటాయి. పక్కనే నల్లమల ఉంది కదా, కట్టెకేం కొదవ అంటారు కొందరు. అడవి కట్టె మా కొట్టంలోకి రాదు.

ఇంకో అపోహ కూడా ఉంది. పొగబెడితే నెలల తరబడి నిలుస్తుందని, గాలి తీసేసిన ప్యాకెట్లో వేసి ఇవ్వమని హైదరాబాద్ నుంచి అడుగుతారు. మేం చేసే రకం ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజుల సరుకే. గాలి లేని ప్యాకెట్ బయట ఉంటే బొట్యులినం అనే క్రిమి పెరుగుతుంది, దాని విషం ప్రాణం తీయగలదు. వాసనతో కూడా పట్టుకోలేం. గడ్డకట్టించి ఉంచితేనే దూరం పంపుతాను. "అక్కా, పక్క జిల్లాలో ఇస్తున్నారు కదా" అంటే అక్కడే కొనుక్కోమంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మేం కిలో లోపు బరువున్న బొచ్చె, రవ్వ, మ్రిగాల చేపలు కొనం. ఇందులో నా మంచితనం సగమే, మిగతా సగం వ్యాపారం. ఈ చేపలకి కండలో సన్న ముళ్లు ఎక్కువ. చిన్న చేపని పొగబెడితే నీరంతా పోయి ముళ్లే మిగులుతాయి, తిన్నవాడు రెండోసారి రాడు. పెద్ద చేపైనా పొట్ట తీసి, పొయ్యి దిగేసరికి పచ్చి బరువులో సుమారు సగానికి వస్తుంది. అందుకే కండ పట్టిన చేప కావాలి. దానికి ఒడ్డున వ్యాపారి ఇచ్చే రేటు మీద కిలోకి 20 రూపాయలు ఎక్కువ ఇస్తాను. మొదట్లో మా ఊరి వేటగాళ్లు నవ్వారు. ఇప్పుడు కొందరు కన్ను పెద్ద వల మాత్రమే వేస్తున్నారు. అందరూ కాదు, ఆ మాట దాచను.

ఆ పెద్ద చేప ఏటా తగ్గుతోంది. 2016–17 నుంచి ప్రభుత్వం నూరు శాతం సబ్సిడీ మీద చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లల్ని వదులుతోంది. రిజర్వాయర్లకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు రావాలన్నది నియమం. అంత పిల్ల బరువు దాదాపు పది గ్రాములు. అలివి వల కన్ను దోమతెర కన్నంత ఉంటుంది. ఒడ్డు నుంచి పదుల మంది కూలీలు లాగితే అడుగున ఉన్నదంతా ఊడ్చుకొస్తుంది. కిలోకి వంద పిల్లలు. ఎండబెడితే అదే కిలోకి మూడు నాలుగు వందల పిల్లలు పడతాయి. ఆ వంద పిల్లల్లో సగం చచ్చి, సగమే ఏడాది బతికి కిలో చొప్పున పెరిగినా యాభై కిలోల చేప. ఇవాళ కిలో పచ్చి పిల్ల అమ్మినవాడు వచ్చే ఏటి యాభై కిలోలు పోగొట్టుకుంటున్నాడు. పైగా మనందరి పన్ను డబ్బుతో వదిలిన పిల్లలు అవి. వదిలే రోజు ఫొటో దిగేవాళ్లు చాలామందే ఉంటారు. తర్వాత వాటి సంగతి అడిగేవాళ్లు లేరు.

వరద నీళ్లు వచ్చే జూలై, ఆగస్టు గుడ్లు పెట్టే కాలం. తల్లి చేప కిలో బరువుకి లక్షకు పైగా గుడ్లు మోస్తుంది. ఆ రెండు నెలలు నది చేప నా కాంటా మీదికి ఎక్కదు. మా ఆయనది అయినా సరే, దాని మీద ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి. వేసవిలో చెరువులు అడుగంటుతుంటే మత్స్యకారుల సొసైటీలవాళ్లు ఒక్కసారే చేప తీస్తారు, రేటు పడిపోతుంది. అప్పుడు కొని, పొగబెట్టి, ఫ్రీజర్లో దాచిన సరుకుతో ఆ రెండు నెలలు నెట్టుకొస్తాను. జిలేబి చేప దొరికితే అదీ తీసుకుంటాను. బయటి దేశం నుంచి వచ్చి మన చెరువుల్లో విపరీతంగా పెరుగుతున్న చేప అది, ఎంత తిన్నా పుణ్యమే. పొగకి బాగుంటుంది కూడా, సన్న ముళ్లు తక్కువ. మృగశిర కార్తె నాడు మాత్రం మా గిరాకీ సున్నా. ఆ రోజు అందరికీ పచ్చి చేపే కావాలి, మాతో సహా.

అలివి వల లాగేవాళ్లంతా దుర్మార్గులని నేను అనడం లేదు. బయటి నుంచి కుటుంబాలతో వచ్చి ఒడ్డున పరదాలు కట్టుకుని బతికే కూలీలు చాలామంది. వల వాళ్లది కాదు, పెట్టుబడి వాళ్లది కాదు. మా ఊరివాళ్లు కూడా పుట్టికీ, వలకీ వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. ఆ అప్పు తీరేదాకా చేపంతా అతనికే వేయాలి, అతను చెప్పిన రేటుకే. పెద్ద చేప పడలేదంటే చిన్నదైనా తెమ్మంటాడు. కాబట్టి ఒడ్డున వల తగలబెడితే కూలీ మీద అప్పు పెరుగుతుంది. పెట్టుబడి పెట్టినవాడు మర్నాడే ఇంకో వల పంపుతాడు. ఎండిన పిల్లల్ని మూటలు కట్టి లారీకెక్కించేదీ అతనే. నది మీద వందల మైళ్ల ఒడ్డు కాపలా కాయడానికి ఏ శాఖకీ మనుషులు చాలరు. సరుకు కాంటా వేసే చోట్లు, లారీ ఎక్కించే చోట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూట విప్పి చూస్తే చాలు.

చిన్న చేపని చూసి పిల్ల చేపో, చిన్న రకమో ఎలా తెలుస్తుంది అని ఒక ఆఫీసులో నన్ను అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. పరిగెలు పెరిగినా వేలెడంతే ఉంటాయి, వాటిని ఎండబెట్టి సంతలో అమ్ముకునే ముసలమ్మల పొట్ట కొట్టకూడదు. కానీ తేడా తెలియనిదేమీ కాదు. బొచ్చె పిల్లకి ఒంటికి మించిన తల ఉంటుంది, నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వకి కింది పెదవి కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. ఎండినా ఆ తల పోదు. మా కొట్టంలో పనిచేసే పెద్దమ్మ చదువుకోలేదు, గుప్పెడు ఎండు చేప చేతిలో పోస్తే ఏ రకం ఎన్ని ఉన్నాయో ఏరి పెడుతుంది. అలాంటివాళ్లని ఇద్దరిని రోజు కూలీ ఇచ్చి తనిఖీకి తీసుకెళ్లండి. మూటలో బొచ్చె, రవ్వ, మ్రిగాల పిల్లలు దొరికితే కేసు కూలీ మీద కాకుండా ఆ మూట కొన్నవాడి మీద, లారీ మీద పెట్టండి.

దీంతోపాటు ఒడ్డున ఐస్ దొరికే ఏర్పాటు కావాలి. ఎండాకాలం మా దగ్గర పొద్దున పది దాటితే చేప మెత్తబడుతుంది. ఐస్ లేనివాడు ఎంతకైనా అమ్మేయాల్సిందే, లేదా ఎండబెట్టాల్సిందే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకి 60 శాతం సబ్సిడీ ఉంది. మిగతా 40 శాతానికి బ్యాంకు వెళ్తే పట్టా భూమి చూపించమంటారు. మా పట్టా భూమి నీళ్ల కింద ఉందని చెబితే మేనేజరు నవ్వాడు. సొసైటీల ద్వారా వల, పుట్టి కోసం చిన్న అప్పులు ఇప్పిస్తే వ్యాపారి అడ్వాన్స్ అవసరం సగం తప్పుతుంది.

కొరమీనుని రాష్ట్ర చేపగా ప్రకటించిన ప్రభుత్వానికి ఇవి పెద్ద కోరికలు కావనుకుంటాను.

నేను ఎవరి దగ్గర, ఏ రకం, ఎంత బరువు చేప కొన్నానో రాసుకునే పుస్తకం ఉంది. మత్స్యశాఖవాళ్లయినా, మీ విలేకరి అయినా వచ్చి చూడొచ్చు. సోమవారం మాత్రం రావద్దు, ఆ రోజు కొట్టం కడుగుతాం, కూర్చోబెట్టడానికి చోటు ఉండదు.

ఇట్లు,
చేపల పొగ కొట్టం నడుపుకునే ఒక పాఠకురాలు,
కొల్లాపూర్ మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా