వార్షిక నివేదిక: బందరు కోట చరిత్రపై ఈ ఏడాది మన సంఘం చేసిన పరిశోధన

గౌరవ సభ్యులందరికీ నమస్కారాలు.

దేవరకొండ, భువనగిరి, రాచకొండ వంటి కోటలు మన నల్లగొండ చుట్టూ ఉండగా ఎక్కడో సముద్రపుటొడ్డున ఉన్న బందరు కోటను ఎందుకు చేపట్టారని గత సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు నిలదీసిన సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. దానికి జవాబు మన వాకిట్లోనే దొరికింది. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, గోల్కొండ నుంచి కొల్లూరు వజ్రాల గని మీదుగా బందరుకు పోయే బాటలోని మజిలీలను వరసగా రాసిపెట్టాడు. వాటిలో పటెంగి, పెంగుల్, నాగెల్‌పార్ అని అతని నోట నలిగిన పేర్లు, ఇప్పుడు టోల్‌గేటు ఉన్న పంతంగి, నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు, సూర్యాపేట దగ్గరి నాగులపాడు అన్న నిర్ణయానికి కార్యవర్గం వచ్చింది. బందరు రేవు ఎవరి చేతిలో ఉన్నదనేది ఈ దారి పొడవునా ఉన్న ఊళ్లకు సంబంధం లేని విషయం కాదని అప్పుడు అందరూ ఒప్పుకున్నారు.

రేవులో 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తక స్థావరాలు పెట్టారు. 1750లో ఫ్రెంచివారు పట్టణాన్నీ కోటనూ చేజిక్కించుకున్నారు. ఈ భాగం పుస్తకాల్లో తేలిగ్గానే దొరుకుతుంది కనుక దానిపై ఎక్కువ కాలం వెచ్చించలేదు. మా శ్రమంతా 1759లో ఇంగ్లీషువారు చేసిన ముట్టడిపైనే పెట్టాము.

అంతకుముందు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించిన ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు, విజయనగరం రాజు ఆనంద గజపతి సేనను తోడు తీసుకొని మార్చిలో బందరు చేరాడు. కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ చేతికింద ఉన్న సైన్యం ఫోర్డు సైన్యం కన్నా పెద్దది. వెనుక నుంచి ఫ్రెంచివారికి అండగా హైదరాబాదు నిజాం సలాబత్ జంగు పెద్ద దండుతో బెజవాడ దాకా వచ్చాడు. జీతాలూ కొల్లసొమ్మూ అందలేదని ఫోర్డు దండులోని యూరపు సైనికులు ఒక దశలో ఎదురు తిరిగారు కూడా. చివరికి తుపాకిమందు రెండు రోజులకు మించి లేదని తేలినప్పుడు, వెనక్కి పోవడానికి దారిలేని ఆ మనిషి ఏప్రిల్ 7 రాత్రి కోట మీదికే పోయాడు. నైరుతి వైపు బురదలోంచి కెప్టెన్ నాక్స్ దండును పంపి అటు గోల చేయించి, అసలు దాడిని ఈశాన్యపు బురుజు మీద నడిపించాడు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్ లొంగిపోయాడు. చిక్కిన ఖైదీలు పట్టుకున్నవారి కన్నా ఎక్కువ.

కోటకు కందకం కన్నా చుట్టూ ఉన్న ఉప్పు బాడవే పెద్ద కాపు అని చదివినప్పుడు మాకు అంతగా పట్టలేదు. డిసెంబరులో ఏడుగురు సభ్యులం వెళ్లి కోట పక్కన బురదలోకి దిగి చూశాము. కార్యదర్శిగా నేను ముందు నడిచి పదడుగులైనా వేయకముందే మోకాలి దాకా కూరుకుపోయి, కాలు లాగితే చెప్పు లోపలే ఉండిపోయింది. (ఆ చెప్పు ఖరీదు జమాఖర్చుల్లో చూపలేదు.) తుపాకీ తల మీద పెట్టుకొని, చీకట్లో, చప్పుడు చేయకుండా ఆ బురద దాటడం ఎటువంటి పనో అప్పుడు అర్థమైంది. సిపాయిల్లో ఎక్కువమంది మన దేశపు మనుషులే. ఫోర్డు పేరున్న పుస్తకాల్లో వాళ్ల పేర్లు లేకపోవడం నాకు నచ్చలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఫలితం మనదాకా వచ్చింది. మే 14న సలాబత్ జంగు ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకొని బందరు ప్రాంతాన్ని వారికి ఇచ్చి, ఫ్రెంచివారిని తన దేశంలో ఉండనీయనన్నాడు. 1766లో అతని తర్వాత నిజాం అయిన నిజాం అలీ, ఆ తీరం వెంట ఉన్న ఉత్తర సర్కార్లనూ ఒప్పగించాడు. 1788లో గుంటూరు సర్కారు కూడా చేయి దాటడంతో హైదరాబాదు రాజ్యానికి ఒడ్డన్నదే మిగల్లేదు. మన ఊళ్లకు ఉప్పు పరాయి ఏలుబడిలోని తీరం నుంచి రావడానికి మొదలు అక్కడే ఉన్నదని కార్యవర్గం అభిప్రాయం. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో దాదాపు 30,000 మందిని పోగొట్టుకున్న బందరు మళ్లీ పాత రేవుగా లేవలేదు.

ఒక కార్యాలయంలో పాత పటం చూడటానికి నాలుగుసార్లు తిరిగినా మాకు అనుమతి రాలేదు; మళ్లీ అర్జీ పెట్టాము. వచ్చే ఏడాది పంతంగి నుంచి నాగులపాడు దాకా పాత బాటను కాలినడకన చూడాలని తీర్మానించాము. బందరు బాటను సరిహద్దుగా చూపిన పాత దస్తావేజులు ఇంట్లో ఉన్న సభ్యులు వాటి నకళ్లను ఉగాది లోపల కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి, నల్లగొండ