ఆడది ఎరుపు, మగది ఆకుపచ్చ

చిరంజీవి లాస్యకు నాన్న ఆశీస్సులు.

పక్షులలో మగవే అందంగా ఉంటాయని పాఠంలో చదివానని రాశావు. నెమలి విషయంలో అది నిజమే. మన రామచిలుకకు కూడా మెడలోని గులాబి రంగు పట్టీ మగదానికే ఉంటుంది. అయితే న్యూగినీ, సోలమన్ దీవులలోనూ, ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న కేప్ యార్క్ ద్వీపకల్పపు వానకారడవులలోనూ ఉండే ఎక్లెక్టస్ చిలుకకు ఆ సూత్రం వర్తించదు.

ఇది రామచిలుక కంటే లావుగా, పొట్టి తోకతో ఉంటుంది. మగది నిగనిగలాడే ఆకుపచ్చ. దాని పైముక్కు పసుపు కలిసిన నారింజ రంగు. రెక్కల అడుగున ఉండే ఎరుపు ఎగిరినప్పుడు బాగా కనిపిస్తుంది. ఆడదానికి తల, వీపు ఎర్రగా, పొట్ట నీలంగా, ముక్కు నల్లగా ఉంటాయి. 1776లోనే ఈ పక్షికి శాస్త్రీయనామం పెట్టినా, ఆడ మగలను చాలాకాలం రెండు వేర్వేరు జాతులుగానే లెక్కించారు. ఆ పండితులను తప్పుపట్టలేము. పక్కపక్కన చూస్తే నేనూ అలాగే అనుకునేవాడిని.

ఈ తేడాకు మూలం చెట్టుతొర్రలో ఉంది. గుడ్లు పెట్టడానికి పనికివచ్చే ఎత్తైన తొర్రలు అడవిలో బహు తక్కువ. వాటిలోనూ కొన్నింటిలోకి వాననీరు చేరి పిల్లలు చనిపోతాయి. అందుకే మంచి తొర్ర దొరికిన ఆడపక్షి ఏడాదిలో 11 నెలల వరకు దానిని అంటిపెట్టుకొని ఉంటుంది, దాని కోసం మరో ఆడదానితో ప్రాణాలకు తెగించి పోరాడుతుంది. తొర్ర ముఖద్వారం దగ్గర మెరిసే ఎరుపు, ఇది నాదని దూరం నుంచే చాటుతుంది. ప్రమాదం వస్తే లోపలికి దూరిపోవచ్చు కనుక దానికి దాగే రంగు అవసరం లేదు. దానికి మేత తెచ్చిపెట్టేది మగపక్షులు, ఒక్కొక్క ఆడదానికి అయిదు వరకు కూడా. పండ్ల కోసం కొమ్మల్లో తిరిగే వాటిపై డేగల కన్ను పడకుండా ఆకుపచ్చ కాపాడుతుంది.

రాబర్ట్ హైన్సన్, సారా లెగ్, జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్తలు కేప్ యార్క్ పక్షులను పరిశీలించి 2005లో ప్రకటించిన ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. మగదాని ఈకలు మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా ప్రతిఫలిస్తాయి. ఆ కాంతిని చిలుకల కళ్లు బాగా పట్టగలవు, డేగల కళ్లు అంతగా పట్టలేవు. అందువల్ల మగది శత్రువుకు ఆకుల్లో కలిసిపోతూనే, తొర్ర దగ్గర తన ఆడపక్షికి మాత్రం ధగధగలాడుతూ కనిపిస్తుంది.

ఇట్లు,
నాన్న