షేర్ల కంటే ముందు వడ్డీ లెక్క నేర్పండి

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఈమధ్య ఆర్థిక అవగాహన సదస్సులు తరచుగా జరుగుతున్నాయి. సంతోషమే. కానీ చాలావరకు సిప్‌తో (మ్యూచువల్ ఫండ్లో నెలనెలా పెట్టుబడి) మొదలై, షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా దరఖాస్తుతో ముగుస్తున్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మన పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా అప్పుల దగ్గర. అందుకే పాఠం అక్కడి నుంచి మొదలవ్వాలి.

బ్యాంకు వడ్డీని ఏడాదికి శాతాల్లో చెబుతుంది. బజారులో నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఇంటర్లో లాగరిథమ్స్ అవలీలగా చేసే పిల్లవాడు కూడా ‘రెండు రూపాయలేగా’ అనుకుంటాడు, ఎందుకంటే ఆ రెండు పద్ధతులనూ కలిపి చూడమని ఎవరూ అడగలేదు.

ప్రామిసరీ నోటు సంగతే తీసుకోండి. నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దాని మీద దావా నిలవదు. అందుకని గడువు దగ్గరపడగానే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయిస్తారు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే మూడేళ్లకు 1,72,000. కొత్త నోటు ఆ మొత్తానికి. మరో మూడేళ్లకు 2,95,840. తొమ్మిదేళ్లు నిండేసరికి ఐదు లక్షలు దాటుతుంది. చక్రవడ్డీ పాఠానికి ఇంతకంటే మంచి లెక్క ఏ పుస్తకంలోనూ దొరకదు, బోర్డు మీద పావుగంట చాలు. దాంతోపాటే కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. కొంత కట్టినప్పుడు నోటు వెనక తేదీ, మొత్తం వేసి చెల్లు రాయించాలి. గడువులోపు వేసిన చెల్లుతో మళ్లీ మూడేళ్లు మొదలవుతాయని కూడా తెలిసి ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా పంపితే సాక్ష్యం ఉంటుంది. బాకీ తీరిన రోజే అసలు నోటు చేతికి తీసుకోవాలి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ పెట్టకూడదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడ్డాక ఈ మాట వేరే నొక్కి చెప్పనక్కర్లేదు.

రెండోది ఫ్లాట్ వడ్డీ. బైకుకు లక్ష అప్పు, 12 శాతం ఫ్లాట్, 24 నెలలు అంటే వడ్డీ 24,000, నెలకు సుమారు 5,167 వాయిదా. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి సుమారు 21.6 శాతం పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి సూత్రం గుర్తుండక్కర్లేదు. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకిచ్చే ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. రుసుములు సహా ఏడాదికి పడే నిజమైన ఖర్చు శాతం అదే. సంతకానికి ముందు ఆ కాగితం అడగాలి. ఇవ్వకపోతే లేచి వచ్చేయాలి.

క్రెడిట్ కార్డు గురించి మన భాషలోనే చెప్పొచ్చు. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. మామూలుగా ఆ వడ్డీకి అప్పు తెచ్చాడంటే ఇంట్లో గొడవైపోతుంది! 40,000 బిల్లులో కనీస మొత్తమని 2,000 కట్టి ఊరుకుంటే, మిగిలిన 38,000 మీద నెలకు వడ్డీ 1,330, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 239. అంటే కట్టిన రెండు వేలలో అసలుకు జమయ్యేది సుమారు 430 రూపాయలు. పైగా పూర్తిగా తీర్చేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీలేని రోజులు ఉండవు.

ఇక ఏ సదస్సులోనూ వినపడని విషయం షూరిటీ. పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందని తెలియగానే శాలరీ సర్టిఫికెట్ కోసం బంధువులు, స్నేహితులు వస్తారు. ‘ఊరికే సంతకమేరా, కట్టుకునేది నేనేగా’ అంటారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుడికీ అంతే. అతన్ని అడిగాకే నిన్ను అడగాలన్న నియమం లేదు. బ్యాంకు అప్పయితే, అతను కట్టకపోతే నీ క్రెడిట్ స్కోరుకూ దెబ్బ. మొహమాటంగా ఉంటే, చేతనైనంత డబ్బు చేబదులుగా ఇచ్చి వదులుకోవడం నయం.

చీటీలను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. లెక్క తెలిస్తే అవి ఉపయోగమే. లక్ష చీటీ, 20 మంది, నెలకు 5,000 అనుకోండి. మొదటి పాట (వదులుకునే మొత్తం) 30,000 దగ్గర ఆగితే పాడుకున్నవాడికి 70,000 వస్తుంది. ఐదు శాతం కమిషన్ (చట్టం 7 దాకా ఒప్పుకుంటుంది) పోగా మిగిలిన 25,000 ఇరవై మందికి పంచితే తలా 1,250. ఆ నెల కట్టాల్సింది 3,750. పాడుకున్నవాడు ఇంకా 19 నెలలు కట్టాలి. డబ్బు టూరుకో ఫోనుకో ఖర్చయిపోతే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి, చీటీ మొత్తానికి తగ్గ సెక్యూరిటీ డిపాజిట్ ఉన్నాయా అని మొదట అడగాలి. అపార్ట్‌మెంట్ చీటీకి ఆ రెండూ ఉండవు.

డబ్బు పెంచడం గురించి చెప్పాల్సింది దీనికంటే తక్కువే. ముందు మూడు నెలల ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి. పోస్టాఫీసు ఆర్డీలో నెలకు వెయ్యి చొప్పున ఐదేళ్లు కడితే, 6.7 శాతం దగ్గర 60,000కు 71 వేల పైచిలుకు వస్తుంది. ఆ క్రమశిక్షణ కుదిరాక ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) సంగతి చూడొచ్చు, అదీ ఏడెనిమిదేళ్ల దాకా అవసరం లేని డబ్బుతో. షేర్ల రేపటి ధర మీద పందెం లాంటి ఆప్షన్ల జోలికి మాత్రం వద్దు. 2021-22 నుంచి 2023-24 దాకా ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది.

ఇదంతా నాలుగు పీరియడ్ల పని. తొమ్మిదో తరగతిలో పొదుపు ఖాతా: పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితుల్లో సొంతంగా నడుపుకోవచ్చు, ఉన్నదానికి మించి తీయనివ్వరు కాబట్టి పెద్ద నష్టం ఉండదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదన్నది అప్పుడే చెప్పాలి. ఇంటర్లో చక్రవడ్డీ, నోటు. డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఫ్లాట్ వడ్డీ, కార్డు, షూరిటీ, చీటీ. కమిషన్‌కు ఆశపడి బ్యాంకు ఖాతాను ఇతరులకు అప్పగిస్తే సైబర్ కేసు తమ మెడకే చుట్టుకుంటుందన్న హెచ్చరిక కూడా. హోంవర్కుగా పేర్లు కొట్టేసిన నిజమైన అప్పు కాగితం ఒకటి తెప్పించి ఏపీఆర్ వెతికించాలి. బోధించేది లెక్కల మాస్టారో, కామర్స్ లెక్చరరో, రిటైరైన బ్యాంకు ఉద్యోగో ఎవరైనా ఫరవాలేదు. ఖాతా తెరిపిస్తే కమిషన్ వచ్చేవారిని మాత్రం యాజమాన్యాలు ఈ పీరియడ్లకు పిలవకూడదు.

— ఒక కామర్స్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు