సీటు వచ్చాక ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పీహెచ్‌డీ ప్రవేశాల మీద మీ చదువు పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జాతీయ అర్హత పరీక్ష నెట్‌కు ఎలా సిద్ధపడాలి, రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఆర్‌సెట్‌కు ఏం చదవాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, అన్నీ వివరంగా రాశారు. కానీ సీటు రావడంతోనే వ్యాసం అయిపోయింది. నేను ఒక విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ సెక్షన్‌లో చాలాకాలం పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. మా కౌంటర్ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్లో సీటు రానివాళ్లు తక్కువ. సీటు వచ్చి, చేరి, ఆ తర్వాత ఇరుక్కున్నవాళ్లే ఎక్కువ. సెలక్షన్ లిస్టు పెట్టిన రోజుకూ జాయినింగ్ రిపోర్టు ఇచ్చే రోజుకూ మధ్య కొన్ని వారాలు దొరుకుతాయి. అవి స్వీట్లు పంచడానికీ వాట్సాప్ స్టేటస్‌లు పెట్టడానికీ సరిపోతున్నాయి. ఈసారి మా మేనకోడలికి తెలుగు శాఖలో సీటు వచ్చింది. తనను కూర్చోబెట్టి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది పేరు. నవ్వకండి, మా సెక్షన్‌లో ఎక్కువ ఫైళ్లు ఆగింది దీని దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరమే మిగులుతుంది. పెళ్లయిన అమ్మాయికి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు వచ్చి చేరుతుంది. చూసేవాళ్లకు అంతా ఒక్క మనిషే, ఫెలోషిప్ పోర్టల్‌కు మాత్రం నలుగురు. చేరాక దీన్ని సరిచేయించుకోవాలంటే ఒక పక్క క్లాసులు, ఇంకో పక్క ఆధార్ కేంద్రం క్యూ. అందుకే టెన్త్ మెమోను ముందు పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, నెట్ దరఖాస్తు అన్నిట్లో పేరు ఒక్కో అక్షరం సరిపోల్చుకోవాలి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు. కాబట్టి తొందరపడి మీసేవలో ఎవరో కుర్రాడు కొట్టిన స్పెల్లింగ్‌కు సరేననకూడదు. ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ నంబరు కూడా మనదే అయి ఉండాలి. నాన్నగారి నంబరు ఇచ్చి, ఓటీపీ వచ్చిన ప్రతిసారీ పొలంలో ఉన్న ఆయనకు ఫోన్ చేసేవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత సర్టిఫికెట్లు. పీజీ ఒక విశ్వవిద్యాలయంలో చేసి పీహెచ్‌డీకి ఇంకోదానికి వెళ్లేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. దానికి దరఖాస్తు, చలానా, ఎదురుచూపు తప్పవు. టీసీకి నో డ్యూస్, అంటే బకాయిలేవీ లేవన్న కాగితం, కావాలి, నో డ్యూస్‌కు హాస్టల్ బకాయి, లైబ్రరీ పుస్తకం అన్నీ తేలాలి. టీసీ ఒకసారి ఇచ్చేస్తే తిరిగి చేతికి రాదు, ముందే రంగుల్లో స్కాన్ తీసి పెట్టుకోవాలి. పీజీ ప్రొవిజనల్ మీద చేరి, ఒరిజినల్ డిగ్రీ సంగతి మరిచిపోయి, ఏళ్ల తర్వాత థీసిస్ ఇచ్చే రోజున పరుగులు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ప్రైవేటు కాలేజీ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్తేం కాదు. విద్యార్థుల ఒరిజినల్స్‌ను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు తీసుకెళ్లి ప్రిన్సిపాల్ ముందు పెట్టి, రాతపూర్వకంగా అడగండి. పనవుతుందని హామీ ఇవ్వలేను గానీ, నోటితో బతిమాలడం కన్నా కాగితానికి బలం ఎక్కువ.

కుల ధ్రువీకరణ దగ్గర ఒక చిక్కుంది. మన దగ్గర బీసీ-ఏ, బీసీ-బీ అని ఉన్నంత మాత్రాన కేంద్ర విశ్వవిద్యాలయంలో ఓబీసీ అయిపోరు. కేంద్ర జాబితాలో ఆ కులం ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అదీ సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే. పాత సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ లామినేషన్ చేయించి భద్రంగా తెచ్చిన పిల్లవాణ్ని వెనక్కి పంపాల్సి వస్తే మాకు మాత్రం సంతోషమా?

ఇప్పుడు డబ్బు. జేఆర్‌ఎఫ్, అంటే నెట్‌తో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చిందంటే ఇంట్లో ఉద్యోగం వచ్చినట్టే లెక్క. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000. హాస్టల్ గది ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. అంకె పెద్దదే. అయితే అది జీతంలా ఒకటో తారీఖున పడదు. చేరాక జాయినింగ్ రిపోర్టు మీద గైడ్ సంతకం, శాఖాధిపతి సంతకం అయ్యాక ఫైలు మా వైపు వస్తుంది. అవార్డు లెటర్ వివరాలు పోర్టల్‌లో ఎక్కాలి. ఆ తర్వాత ప్రతి నెలా స్కాలర్ పనిచేస్తున్నట్టు విశ్వవిద్యాలయం ధ్రువీకరించాలి. సెక్షన్‌లో ఒకరు మేకర్‌గా నమోదు చేస్తారు, పై అధికారి చెకర్‌గా ఆమోదిస్తారు. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఆ నెల అక్కడే ఉంటుంది. స్కాలర్ ఇచ్చిన ఫారంలో తేదీ లేకపోయినా అంతే. మొదటి విడత చేతికి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. వచ్చినప్పుడు బకాయిలన్నీ కలిపి ఒకేసారి పడతాయి. ఈలోపు గది అద్దె, మెస్ బిల్లు, అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు, లాప్‌టాప్, అన్నీ మన చేతి నుంచే. కనీసం ఆరు నెలల ఖర్చు దగ్గర పెట్టుకుని చేరమని మా మేనకోడలికి గట్టిగా చెప్పాను. "అత్తా, ఫెలోషిప్ వస్తుంది కదా" అంది. వస్తుంది, ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ ధీమాతో తమ్ముడి బండికి ఈఎంఐ తన పేరున కట్టేలా ఒప్పుకోవద్దని కూడా చెప్పాను. రెండేళ్లు పూర్తయ్యేముందే ఎస్‌ఆర్‌ఎఫ్‌కు కావాల్సిన కమిటీ పెట్టించుకోవాలి. ఆలస్యమైతే పాత రేటు మీదే ఉండిపోతారు.

జేఆర్‌ఎఫ్ లేనివాళ్ల పరిస్థితి వేరు. కేంద్ర విశ్వవిద్యాలయంలో నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. నగరంలో గది అద్దెకు, భోజనానికి దాంతో ఎలా నెట్టుకొస్తారో నాకు తెలియదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ ఉండదు. వీళ్లు చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ ఫుల్‌టైమ్ స్కాలర్‌గా సంతకాలు పెడదామనుకుంటే అది ఏదో ఒక రోజు బయటపడుతుంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనల్లో చోటుంది. యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ కావాలి. అందులో చదువుకు తగిన సమయం ఇస్తామని, అవసరమైతే కోర్సువర్క్‌కు (పీహెచ్‌డీ మొదట్లో ఉండే తరగతులకు) రిలీవ్ చేస్తామని స్పష్టంగా రాసి ఉండాలి. "అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాసిన లెటర్‌హెడ్‌తో వచ్చినవాళ్లను మళ్లీ కాలేజీకి పంపేవాళ్లం.

గైడ్ విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు, అంతకు మించకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లు కూడా లేని ఆచార్యులు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఖాళీ ఉందా, సర్వీసు ఎంతకాలం ఉంది అని మర్యాదగా అడగడంలో తప్పేం లేదు. ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో దొరుకుతాయి, చేరేముందు రెండు మూడు తిరగేయండి. ఎవరికి ఎన్నేళ్లు పట్టిందో శాఖలో సీనియర్లతో టీ తాగుతూ అడిగితే వాళ్లే చెబుతారు.

ఏళ్ల లెక్క చాలామందికి తెలియదు. టాపిక్ ఓకే అయిన రోజు నుంచి గడువు మొదలవుతుందనుకుంటారు. అడ్మిషన్ తేదీ నుంచే మొదలవుతుంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు కలుస్తాయి. మొదట్లో కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది, అందులో 55 శాతం రాకపోతే ముందుకు కదలరు.

ఆడపిల్లల సంగతి విడిగా రాయాలి. ఒకసారి ఒకమ్మాయి ఆరో నెల కడుపుతో మా సెక్షన్‌కు వచ్చింది. చేతిలో రిజిస్ట్రేషన్ రద్దు చేయమని దరఖాస్తు. సెమిస్టర్ రివ్యూకు రాలేనని, సెలవు అడిగితే గైడ్ ఏమంటారోనని భయం. కుర్చీలో కూర్చోబెట్టి నిబంధన చూపించాను. పీహెచ్‌డీ కాలంలో ప్రసూతికి, బిడ్డ పెంపకానికి 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చని అందులో అచ్చై ఉంది. రెండుసార్లు చదివి, తెచ్చిన దరఖాస్తు మా చెత్తబుట్టలోనే చింపేసి వెళ్లింది. చేరేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్ల అంతదూరం ఆ కాగితం మోసుకొచ్చేది కాదు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, షరతులకు లోబడి, పరిశోధనను అక్కడి సంస్థకు మార్చుకునే వీలు కూడా ఉంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం కన్నా ఈ రూలు గురించి మాట్లాడుకుంటే మేలు.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లు ఇంకో పని చేయాలి. టైపింగ్. ఒక స్కాలర్ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన థీసిస్‌ను సీడీలో తెచ్చాడు. మా కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, నక్షత్రాలు. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే ఆయన పెళ్లికార్డుల సీజన్‌లో ఉన్నాడు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా చదివే అక్షరాల పద్ధతిలో, కొట్టిన ఫైలయితే ఎక్కడైనా తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, ప్లాజియరిజం సాఫ్ట్‌వేర్ చదవగలుగుతుంది. పోలిక పది శాతం దాటితే యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ వెనక్కి వస్తుంది. చేరేలోపు రోజుకో అరగంట తెలుగు టైపింగ్‌కు పనికొచ్చే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కూర్చుంటే వేళ్లకు అలవాటవుతుంది. మా మేనకోడలు మొదటి వారం కీబోర్డునూ నన్నూ కలిపి తిట్టుకుంది. ఇప్పుడు నాకు మెసేజ్‌లు కూడా ఒత్తులు, సున్నలు తప్పకుండా పెడుతోంది.

తను పాత తెలుగు పత్రికల మీద పనిచేద్దామనుకుంటోంది. అయితే ఆ సంచికలు ఎక్కడున్నాయో చేరకముందే చూసి రమ్మన్నాను. మాకు దగ్గరలో వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన గ్రంథాలయం. ఇంకా రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. కేటలాగులో పేరు ఉండటం వేరు, బీరువాలో ప్రతి ఉండటం వేరు. ఫోటో తీసుకోనిస్తారా, శాఖ నుంచి పరిచయ లేఖ కావాలా, ఏ రోజు సెలవు, ఇవన్నీ ముందే కనుక్కుంటే, టాపిక్ కాగితం మీద బాగుండి సామగ్రి దొరకక మార్చుకునే బాధ తప్పుతుంది.

విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. సెలక్షన్ లెటర్‌తో పాటు ఒక పేజీ జత చేయండి. కావాల్సిన సర్టిఫికెట్లు, పేర్లు సరిచూసుకోమన్న హెచ్చరిక, ఫెలోషిప్ మొదటి విడతకు ఎంతకాలం పట్టొచ్చు, సెలవుల నిబంధన, సెక్షన్ ఫోన్ నంబరు. అందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, కౌంటర్లో కూర్చునే గుమస్తాను అడిగితే గంటలో రాసిస్తారు. మీ పత్రిక కూడా ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలోనే ఇలాంటి వివరాలు వేస్తే బాగుంటుంది. క్లాసులు మొదలయ్యాక వేస్తే చదివేవాళ్లకు అక్కరకు రావు.

ఉత్తరం పొడవైందని తెలుసు. కత్తిరించక తప్పకపోతే గైడ్ గురించి రాసింది తీసేయండి, అది సీనియర్లు ఎలాగూ చెబుతారు. పేరు సంగతి, డబ్బు సంగతి, 240 రోజుల సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సెక్షన్ సూపరింటెండెంట్,
తెనాలి