పక్కవాద్యం మాట ఎత్తావు కాబట్టి

విజయనగరం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే తిరుగుతోంది. "స్టూడియోలో ఇరవై వయొలిన్లలో మూడో వరసలో కూర్చుంటాను నాన్నా, నేను ఫిడేలు కమాను ఎత్తకపోయినా ఎవరికీ తెలీదు" అన్నావు. అప్పుడే జవాబు చెప్దామనుకున్నాను గానీ, మీ అమ్మ ఫోను లాక్కుని తిండి సంగతులు మొదలుపెట్టింది. అందుకే రాస్తున్నా.

ముప్ఫయ్యేళ్ళు హరికథలకి ఫిడేలు వాయించిన వాణ్ణి, నాకు ఆ బాధ తెలీదనుకోకు. ఒక ఊళ్ళో దాసుగారికీ మృదంగానికీ మైకులు పెట్టి నా ముందు పెట్టడం మరిచిపోయారు. మూడు గంటలు వాయించాను. నాకే వినపడలేదు. ఇంటికొచ్చి మీ అమ్మతో మొత్తుకుంటే, "డబ్బులు పూర్తిగా ఇచ్చారా?" అంది. ఇచ్చారు.

సరే, నువ్వు పంపిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఈ వారమంతా ఒకటే రికార్డు వింటున్నాను. ఇంగ్లీషు స్వరకర్త ఎల్గార్ రాసిన వయొలిన్ కాన్చెర్టో, అంటే ఒక్క ఫిడేలు ముందు నడుస్తుంటే ఆర్కెస్ట్రా అంతా సహకారం వాయించే రచన, 1932 జులైలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో తీసింది. వాయించినవాడు యెహుదీ మెనూహిన్, పదహారేళ్ళ కుర్రాడు. నిలబడి ఆర్కెస్ట్రా నడిపించింది ఎల్గారే, అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. వీళ్ళిద్దర్నీ కలిపింది గ్రామఫోను కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకుని వెళ్ళింది ఈయనే. రికార్డింగుకి ముందు కుర్రాడు వాయిస్తుంటే ఎల్గార్ కాసేపు విని, బాగానే ఉంది, నే గుర్రప్పందేలకి పోతున్నా అని లేచి వెళ్ళిపోయాడట. మెనూహిన్ పెద్దయ్యాక కూడా ఆ సంగతి చెప్పుకుని నవ్వేవాడు.

ఇప్పుడు మీ స్టూడియోలో తప్పు పోతే ఆ రెండు బార్లే మళ్ళీ వాయిస్తారు కదా. అప్పట్లో నేరుగా మైనం పళ్ళెం మీద గీత పడాలి. ఒక్కో వైపు నాలుగు నిమిషాలు, నాలుగున్నర. ఆ కాన్చెర్టో యాభై నిమిషాల దాకా ఉంటుంది. నాలుగో నిమిషంలో వెనక వరసవాడు ఎవడైనా దగ్గాడనుకో, ఆ వైపు మొత్తం మళ్ళీ మొదటినుంచి. పోనీ ఎలా వచ్చిందో విని చూసుకుందామా అంటే, వింటే ఆ మైనం పాడైపోతుంది! అలాంటి చోట నువ్వు కమాను ఎత్తకపోతే ఏమో గానీ, తప్పు చోట ఎత్తితే మాత్రం లండనంతా తెలిసేది.

నాకు ఆ కుర్రాడి కంటే ఎక్కువ నచ్చినాయన ఇంకొకడున్నాడు. బిల్లీ రీడ్. 1912 నుంచి 1935 దాకా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి లీడరు, అంటే మొదటి వరసలో మొదటి కుర్చీ. 1910లో ఎల్గార్ ఈ కాన్చెర్టో రాస్తున్నప్పుడు, ఫిడేలు మీద ఏ పట్టు పలుకుతుందో ఏది పలకదో వాయించి చూపించింది రీడే. ఆయన వెళ్ళేసరికి గదిలో కుర్చీల వీపులకి కాగితాలు గుచ్చి, గూటి మీద కాగితాలు ఆనించి ఉన్నాయట. ఇద్దరూ ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి నడుచుకుంటూ వాయించారన్నమాట. ఆ ఏడు నవంబరులో మొదటి కచేరీ చేసింది మాత్రం పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు క్రైస్లర్. అంకితమూ ఆయనకే. రికార్డు చెయ్యడానికి క్రైస్లర్‌తో కుదరలేదు, కుర్రాడికి దక్కింది. కాగితం మీద సిరా ఆరకముందే ఆ స్వరాలు పలికించిన మనిషి లీడరు కుర్చీలోంచి సహకారం వాయించాలి. ఆయన ఏమనుకుని ఉంటాడా అని నిన్న రాత్రి చాలాసేపు పడుకోలేదు.

దీనికి ముందు ఆ పాతకాలపు ఇటలీ ఫిడేలు మాంత్రికుడు పగనీనీవి విన్నాను, నువ్వు చెప్పావని. వేళ్ళు చూస్తే మతి పోతుంది, కాదనను. మొదటి కాన్చెర్టోలో ఆయన తెలివి చూడు: ఆర్కెస్ట్రా రెండున్నర శ్రుతిలో ఉంటే, తను ఫిడేలు తీగలు అర శ్రుతి బిగించుకుని, చేతులు రెండు శ్రుతిలో ఆడించేవాడు. ఆయన తీగ కణకణమంటుంది, పక్కవాళ్ళది మెత్తగా పడుంటుంది. పైగా ఎవరైనా కాపీ కొడతారని, ఆర్కెస్ట్రా కాగితాలు కచేరీ ముందు పంచి, అవగానే లెక్కపెట్టుకుని మరీ తీసేసుకునేవాడట. ఆ కాగితాల్లో దాచుకోవలసినంత ఏముందో నాకు అర్థం కాలేదు. చాలా చోట్ల ఝంఝం, ధంధం తప్ప.

ఎల్గార్ అలా కాదు. ఎందుకంటే ఆయనే ఒకప్పుడు మీ వరసలో మనిషి. 1884లో ఇంగ్లండులో వూస్టర్ సంగీత ఉత్సవానికి చెక్ స్వరకర్త ద్వోర్షాక్ వచ్చి తన సింఫనీ నడిపిస్తే, ఫిడేళ్ళలో కూర్చుని వాయించాడు. నువ్వు ఎల్గార్ కాన్చెర్టో మూడో భాగం చివర వినాలి. కెడెంజా అంటే మన తని ఆవర్తనం లాంటిదే కదా, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈయన కూర్చోనివ్వలేదు. కమాన్లు పక్కన పెట్టించి, మూడు నాలుగు వేళ్ళ మెత్తటి కొసలతో తీగల మీద అటూ ఇటూ రాయమన్నాడు. మీటడం కాదు, రాయడం, రుద్దినట్టు. సోలో ఫిడేలు మొదటి భాగంలో రాగాలన్నీ తలుచుకుంటూ ఒక్కతే తిరుగుతుంటే, కింద ఎక్కడో దూరంగా గాలి కదిలినట్టు ఉంటుంది. ఏ ఒక్కరి ఫిడేలూ విడిగా వినపడదు.

నేనూ ప్రయత్నించాను. ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని నాలుగు వేళ్ళతో రాస్తూ కూర్చున్నాను. మొదట గోరు తగిలి గీరు గీరుమంది. గోళ్ళు కత్తిరించుకుని మళ్ళీ మొదలుపెడితే కాసేపటికి వేలి కొసలు నల్లబడ్డాయి గానీ చప్పుడు కుదిరింది. మీ అమ్మ వంటింట్లోంచి "రేకుల మీద వాన పడుతోందా, వడియాలు తియ్యాలి" అంటూ పెరట్లోకి పరిగెత్తింది. ఒక్క ఫిడేలుకే అలా ఉంటే అంతమంది కలిసి రాస్తే ఎలా ఉంటుందో నువ్వు చెప్పాలి. చెవిలో తాళం కొట్టే క్లిక్ లేకుండా, ఒకరి చేతులొకరు చూసుకుంటూ చేసి చూడండి ఎప్పుడైనా, మధ్యాహ్నం టీకి వదిలినప్పుడు.

మెనూహిన్ తర్వాత మన దేశమూ వచ్చాడు. మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని పొంగిపోయాడు. నాయుడు గారు పాఠం చెప్పిన ఇక్కడి మన సంగీత కాలేజీలో చదివినవాళ్ళం కాబట్టి ఆ ముక్క రాయకుండా ఉండలేను.

ఈసారి పాట బయటికొచ్చాక ఏ నిమిషంలో మీ వరస వస్తుందో రాసి పంపు. నీ ఒక్కదాని ఫిడేలు వెతకనులే.

ఆ రాయడంలో నా మొదటి తీగ తెగింది. పండక్కి వచ్చేటప్పుడు ఒక సెట్టు పట్టుకురా. ఇక్కడ దొరికేవి రెండు రోజులకే తుప్పు పడుతున్నాయి.

మీ నాన్న